'నాకు తెల్దు' సారు

మా కుళ్ళాయప్ప సారును ఏదన్నా అడిగి జవాబు తెచ్చుకున్న మనిషి గువ్వలకుంట ఊర్లో ఒక్కరు లేరు. పేరడిగితే మాత్రం చెప్పేవాడు, అదీ కొంచెం ఆలోచించి. మిగతా దేనికైనా ఒకటే మాట: "ఏమో, నాకు తెల్దు." అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోడు. "చూస్తాం పా" అని పైపంచె దులుపుకోని లేస్తాడు. మా కష్టాలు అక్కడి నుంచి మొదలయ్యేవి.

1983 జూన్‌లో నేను ఆ బడికి బదిలీ మీద పోయినాను. అప్పటికి నాకు పద్నాలుగేండ్ల సర్వీసు, రెండు మోకాళ్ల నొప్పులు. గార్లదిన్నె నుంచి క్రాసు దాకా బస్సు, క్రాసు నుంచి ఊరికి రెండు మైళ్లు నడక. ఆ రెండు మైళ్లలో నీడ అంటే నా గొడుగు నీడ ఒకటే. బడి చేరేసరికే నాకు సాయంత్రమైనట్టు ఉండేది. ఓటర్ల లిస్టు రాయల్ల, జనాభా లెక్కలు ఎత్తల్ల, కుటుంబ నియంత్రణకు మనుషుల్ని పిల్చుకోని పోవల్ల. ఇవన్నీ అయినాక మిగిలిన ఓపికతో పాఠం చెప్పల్ల. ఏమీ మిగిలేది కాదు.

మొదటి దినం ఆర్డరు కాగితం చేతికిచ్చి అడిగినాను. "సారూ, నాకు ఏ తరగతులు ఇస్తారు?"

"ఏమో, నాకు తెల్దు."

"మీరే కదా హెడ్‌మాస్టరు?"

"ఔను. చూస్తాం పా." నన్ను పిల్లల ముందర నిలబెట్టినాడు. "ఒరే, కొత్త టీచరమ్మ వచ్చిండాది. మీలో ఎవురికి సారు చాలడంలేదు?"

నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలు గబగబా చేతులెత్తినారు.

"చూస్తివా లక్ష్మమ్మా, వాళ్లకు తెలుసు" అన్నాడు. వెంకటలక్ష్మమ్మ అనే నా పేరును ఆ నిమిషంలోనే సగానికి కోసేసినాడు. అట్లా పైరెండు తరగతులు నాకు వచ్చినాయి. ఒకటి, రెండు, మూడు ఆయనవి. ఉండేది ఒకే గది. నడుమ గోడ లేదు. ఆయన పిల్లల గోల నా పాఠంలోకి, నా కేకలు ఆయన పాఠంలోకి వచ్చిపోతా ఉండేవి.

ఆయన చేతికి ఒక అంకెల వాచీ ఉండేది. ముళ్లుండవు, నల్లగా అంకెలే కనపడతాయి. గొర్రెలు తోలుకొచ్చే తిప్పయ్య దినామూ బడి ముందర నిలబడి అడిగేవాడు.

"సారూ, టైమెంతాయె?"

"ఏమో, నాకు తెల్దు."

"చేతికే ఉండాది కదప్పా!"

"ఉంటే? నువ్వే చూడు." చెయ్యి చాచి తిప్పయ్య ముక్కు ముందర పెట్టేవాడు.

తిప్పయ్యకు అక్షరం ముక్క రాదు. రెండు వారాలు తిట్టుకున్నాడు. మూడో వారం ఒకటిని గుర్తుపట్టినాడు, కట్టెపుల్ల మాదిరి ఉంటాది కాబట్టి. ఉగాదికి ముందే పన్నెండు దాకా వచ్చేసినాడు. ఆ తరువాత ఇంకో తంటా. ఊర్లో ఎవరు టైమడిగినా తిప్పయ్యే ఎగేసుకోని బడికొచ్చి, సారు చెయ్యి పట్టుకోని చదివి, వెనక్కిపోయి చెప్పేవాడు. పాఠం నడుమ సారు ఎడమ చెయ్యి తిప్పయ్య దగ్గర ఉండేది, కుడిచెయ్యి పలక మీద ఉండేది.

ఆయన భార్య భద్రమ్మక్కను ఒకసారి అడిగినాను, "ఈయనతో ఎట్ల వేగుతాండావక్కా?" అని.

"పెండ్లి చూపులకు వచ్చినప్పుడు మా నాయన అడిగినాడు, 'పిల్ల నచ్చిందా నాయనా' అని. 'ఏమో మామా, నాకు తెల్దు, చూస్తాం' అన్నాడు. ఇరవై ఆరేండ్లాయె. ఇంకా చూస్తానే ఉండాడు."

ఆ సంవత్సరం దసరా సెలవులకు భద్రమ్మక్క తమ్ముడు కువైట్ నుంచి వచ్చినాడు. అందరికీ చీరలు, సెంటు సీసాలు తెచ్చి, బావకు మాత్రం అరచేతిలో పట్టే లెక్కల మిషన్ తెచ్చినాడు. దానికి బ్యాటరీ లేదు. నెత్తిన నల్లటి పట్టీ ఒకటి ఉండాది, దాని మీద వెలుతురు పడితే నడుస్తాది. మా జిల్లాలో వానకు కరువు గానీ ఎండకు లేదు కదా. మా సారు ముఖం చూడల్ల. మా ఊరి కోసమే ఎవరో కనిపెట్టినట్టు మురిసిపోయినాడు.

ఆ దినం నుంచి మా బడి గుమ్మంలోకి వచ్చేసింది. లోపల చీకటి కాబట్టి మిషన్ పలకదు. పొద్దున తూర్పు కిటికీ కింద, పదకొండుకు గుమ్మంలో, మధ్యాన్నం పడమటి గోడ దగ్గర. ఎండ యాడికి పోతే ముప్పై మంది పిల్లలు ఆడికి జరుగుతారు. నా ఐదో తరగతి వాళ్లు గూడా పాఠం మధ్యలో తలలు తిప్పి చూస్తారు. నేను బెత్తంతో బల్ల మీద కొడతాను. వాళ్లు ఇటు తిరుగుతారు, కండ్లు మాత్రం ఆడే ఉంటాయి.

"సార్, ఏంటికి ఆరిపాయె?" అని అడిగేవాళ్లు బొటనవేలు పట్టీ మీద పెట్టి.

"ఏమో, నాకు తెల్దు. వేలు తీసి చూడు."

"వచ్చె సార్!"

"మళ్ల పెట్టు."

"పాయె సార్!"

ఈ వచ్చె-పాయె పాట ఒక వారం నడిచింది. నాకు కలలో గూడా వినపడేది. ఒకనాడు వేలు పెట్టకుండానే మిషన్ మసకబారింది. పిల్లలు ఒక్క ఉదుటున లేచి బయట పడినారు. "మబ్బు పట్టె! మబ్బు పట్టె!" ఊరంతా కళ్లాలు వదిలి బయటికొచ్చి ఆకాశం చూసింది. దుప్పటి అంత మబ్బు ఒకటి నింపాదిగా వజ్రకరూరు దిక్కు పోతాంది. చినుకు లేదు. అయినా రెండు నెలల పాటు ఊర్లో ముసలోళ్లు బడికొచ్చి, "సారూ, మిషన్ ఏమంటాది వాన గురించి?" అని అడిగిపోయేవాళ్లు. ఆయన ఏమన్నాడో మీకు వేరే చెప్పల్లనా?

అంకెలు గూడా ఆ మిషన్ మాదిరే నేర్పినాడు. చీపురు పుల్లలు విరిచి పిల్లల ముందర పోసేవాడు. ఒకటికి రెండు పుల్లలు, ఏడుకు మూడు, నాలుగుకు నాలుగు, ఎనిమిదికి ఏడు. "అన్నిటికన్నా ఎక్కువ పుల్లలు తినే అంకె ఏదిరా?" "ఎనిమిది సార్!" "తక్కువ తినేది?" "ఒకటి సార్, పాపం!" పిల్లలకు వారంలో అంకెలన్నీ వచ్చేసినాయి. కానీ పలక మీద రాసేది గూడా అట్లే, మూలలు మూలలుగా, ఎక్కడా వంపు లేకుండా. నేను తల పట్టుకున్నాను.

ఇంకొక దినం రెండో తరగతి పిల్లోడు ఎనిమిదిని సున్నాతో భాగించినాడు. గాజు మీద ఒక మూలన వింత గుర్తు వచ్చి నిలబడింది. అది ఇంగ్లీషు 'ఇ' (E) అక్షరమని నాకు తెలుసు, వాళ్లకు తెలీదు.

"సార్, మూడు తిరగబడింది!"

"ఏమో, నాకు తెల్దు. ఎనిమిది బొరుగులు తీస్కో. సున్నా మందికి పంచు."

పిల్లోడు అటూ ఇటూ చూసినాడు. "అంటే ఎవురికీ ఈకూడదా సార్?"

"ఊఁ. ఎవురికీ ఈకుండా, మిగలకుండా పంచు."

"అట్లెట్లయితాది సార్?"

"నన్నడిగితే? మిషన్‌నే అడుగు."

మూడో తరగతిలో ఓబమ్మ అని ఒక పిల్ల ఉండేది. ఏడేండ్లు, ముక్కు ఎప్పుడూ కారతా ఉండేది, నోరు ఎప్పుడూ ప్రశ్న అడుగుతా ఉండేది. ఆ పిల్ల మిషన్‌లోకి తొంగిచూసి అరిచింది. "సార్, దానికి గూడా తెల్దంట!"

గది గదంతా నవ్వింది. సారు ఆ మిషన్‌ను, చాన్నాళ్లకు కనపడిన చుట్టాన్ని చూసినట్టు చూసినాడు.

అప్పటి నుంచి మా బడిలో 'తెలీదు' అనే మాట పోయి 'తిరగబడిన మూడు' వచ్చింది. నా ఐదో తరగతి పిల్లోన్ని లేపి, "మన దేశం రాజధాని ఏదిరా?" అంటే, ముందైతే నేల చూసుకుంటా నిలబడి దెబ్బ కోసం చెయ్యి చాచేవాడు. ఇప్పుడు తల ఎత్తి, "నాకు తిరగబడిన మూడు టీచరమ్మా" అంటాడు. ఎవరిని కొట్టల్ల, ఎందుకు కొట్టల్ల అనే లెక్కే తప్పిపోయింది నాకు.

ఒక దినం కొట్టినాను. చెప్పుకునేదానికి బాగుండదు, అయినా చెప్తాను. ఓబమ్మ మిషన్ ఎత్తుకోని నా దగ్గరికి వచ్చింది. చుక్క పెట్టి ఐదు నొక్కి, మళ్ల చుక్క పెట్టి ఐదుతో గుణించిందంట. సున్నా, చుక్క, ఇరవై ఐదు వచ్చింది.

"టీచరమ్మా, గుణిస్తే పెరగల్ల కదా? ఇదేంటికి తగ్గిపాయె?"

సారును అడగలేదు. అడిగినా ఆయన ఏమంటాడో దానికి తెలుసు. దశాంశాలు చెప్పేది ఐదో తరగతి టీచరు కదా అని నా దగ్గరికి వచ్చింది.

నేను పద్నాలుగేండ్లుగా దశాంశాలు చెప్తానే ఉండాను. చుక్క తర్వాత ఎన్ని అంకెలో లెక్కపెట్టి, జవాబులో అన్ని అంకెల ముందర చుక్క పెట్టండి అని చెప్తాను. ఏంటికి అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ పిల్ల అడిగింది. ఎండ, మోకాళ్లు, రెండు మైళ్లు, ఓటర్ల లిస్టు, అన్నీ ఒక్కసారిగా నా చేతిలోకి వచ్చినట్టయింది. "మూడో తరగతి దానివి, దశాంశాలు నీకేంటికే?" అని అరచేతి మీద రెండు దెబ్బలేసినాను. గట్టిగానే. ఓబమ్మ ఏడవలేదు. మిషన్ పావడ మడతలో దాచుకోని పోయింది. గది అవతల సారు పుల్లలు విరుస్తా తల ఎత్తి ఒకసారి నా దిక్కు చూసినాడు.

సంక్రాంతి దాటినాక నీళ్లకు ఇబ్బంది మొదలాయె. ఊర్లో రెండు బోరింగులు. కింది వీధిది నీళ్లు రావల్లంటే దినదినానికీ ఎక్కువసార్లు కొట్టాల్సి వచ్చి, తొంబైకి చేరినాక ఒకనాడు ఊరికే గాలి కక్కి నిలబడిపోయింది. మిగిలింది బడి ముందరిది. పిల్లలు పొద్దున్నే దాని చుట్టూ చేరి, మొదటి చుక్క వచ్చేదాకా ఎన్నిసార్లు కొట్టల్లో లెక్కపెట్టేవాళ్లు. బడి గోడ మీద బొగ్గుతో రాసేవాళ్లు. వారం వారం ఆరు పెరుగుతాంది. నలభై ఎనిమిది. యాభై నాలుగు. అరవై.

"సార్, ఇది గూడా నిలబడిపోతాదా?" అని అడిగింది ఓబమ్మ.

"ఏమో, నాకు తెల్దు. చూస్తాం పా."

చూసినారు. తొంబైలో అరవై తీసేసినారు, వచ్చినదాన్ని ఆరుతో భాగించినారు. సాయంత్రానికి బడి గోడ మీద మూలలు మూలలుగా రాసిపెట్టినారు: 'ఇంగ 5 వారాలు.'

మరుసటి దినం ఎర్రిస్వామి వచ్చినాడు. ఊరికి పెద్దమనిషి ఆయన. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడంటే కోపమొచ్చిందని గుర్తు.

"ఏమప్పా సారూ, పసిపిల్లోళ్ల నోట్లో ఇదేం అపశకునం?"

"ఏమో ఎర్రిస్వామీ, నాకు తెల్దు."

"తెల్దంటే? నీ బడి గోడ మీదే కదా రాసిండేది!"

"నేను రాయలేదే. వాళ్లు లెక్కేసినారు. నువ్వూ వేసి చూడు, తప్పుంటే చెరిపేస్తాం."

ఎర్రిస్వామి లెక్క వేయలేదు. ఊర్లోకి పోయి అర్జీ రాయించినాడు. రాసింది నా ఐదో తరగతి పిల్లోడే కాబట్టి అందులో ఏముండేదో నాకు తెలుసు. 'అయ్యా, మా సారుకు ఏమీ తెల్దు. ఏమడిగినా తెల్దు అని ఆయనే ఒప్పుకుంటాడు. కావున మా ఊరికి తెలిసిన సారును పంపవలెను.' నలభై రెండు వేలిముద్రలు. అడుగున తిప్పయ్య ఒక్కడే వేలిముద్ర వేయకుండా, అంకె వేసినాడు. ఏదో ఒకటి రాయడం వచ్చు కదా అని.

అర్జీ ఎవరిమీదో గూడా తిప్పయ్యకు తెలీదు. తెలిసినాక రెండు దినాలు బడి దిక్కు రాలేదు.

నీళ్లు మోసేది ఆడవాళ్లు. వాళ్లకు అపశకునం కన్నా బిందె బరువు ముఖ్యం. ఓబమ్మ వాళ్లమ్మ ఎర్రిస్వామి ఇంటి ముందరే నిలబడి అడిగిందంట. "అయిదు వారాలకు నిలబడేది నిజమో అబద్ధమో మాకు తెల్దన్నా. నిలబడితే మాత్రం మీరు తెచ్చిస్తారా నీళ్లు?" పాత బావిలో ఏండ్ల తరబడి పేరుకున్న పూడిక తీసేదానికి ఆడవాళ్లే దిగినారు. తరువాత మగవాళ్లూ దిగినారు, సిగ్గుకు. నాలుగు వారాలకు అడుగున ఊట కనపడింది. అయిదో వారం బుధవారం నాడు బోరింగు గాలి కక్కింది. లెక్క రెండు దినాలు తప్పింది. బావిలో నీళ్లున్నాయి. ఎర్రిస్వామి ఇంటికి గూడా ఆ నీళ్లే పోయినాయి.

ఆయన అర్జీ వెనక్కి తీసుకోవాలని గార్లదిన్నె దాకా పోయొచ్చినాడు. ఆఫీసులోకి పోయిన అర్జీ తిరిగొచ్చేదా? ఆ శుక్రవారమే ఇన్‌స్పెక్టరు దిగినాడు.

ఆయన కోస్తా మనిషి. మా ఎండకు చొక్కా అంతా తడిసి, బడికొచ్చేసరికే ఎవరిమీదనో ఒకరిమీద కోప్పడేదానికి తయారుగా ఉండాడు.

"మీరేనా కుళ్ళాయప్ప? మీకేమీ తెలియదట కదా?"

"నిజమే సార్" అన్నాడు మా సారు.

ఇన్‌స్పెక్టరు పలకలు చూసినాడు. "ఇవేమిటి? ఈ ఏడు ఏమిటి, ఈ రెండు ఏమిటి? ఇది ఏ దేశపు రాత?" ఒకటో తరగతి పిల్లను లేపి, "తొమ్మిదిలో పన్నెండు పోతే ఎంత?" అని మెలిక పెట్టినాడు.

"తిరగబడిన మూడు సార్" అంది ఆ పిల్ల, భయం లేకుండా.

"ఏమిటీ?"

నేను గోడకు ఆనుకోని నిలబడినాను. ఈ ఒక్క గంట గడిస్తే చాలు, రెండు మైళ్లు నడిచిపోయి పడుకుంటే చాలు అనుకుంటాండాను. కానీ ఇన్‌స్పెక్టరు మిషన్ చేతిలోకి తీసుకోని, అటూ ఇటూ నొక్కి, కొంచెం మెత్తబడినాడు. ఆయన దగ్గర గూడా ఇట్లాంటిది లేదు మరి. అది చూసి ఓబమ్మ ముందుకొచ్చింది. నాలుగు నెలలుగా జవాబు దొరకని ప్రశ్న దాని దగ్గరుండాది. ఇంత పెద్ద సారు మళ్ల ఎప్పుడొస్తాడో!

"సార్, చుక్క ఐదును చుక్క ఐదుతో గుణిస్తే ఏంటికి తగ్గుతాది?"

ఇన్‌స్పెక్టరు నొక్కి చూసినాడు. "మంచి ప్రశ్నే అడిగావే! దశాంశాలు చెప్పేది ఎవరు? మీరేనా? రండి టీచర్ గారూ, ఈ పాపకు అర్థమయ్యేలా చెప్పండి." చాక్‌పీసు తీసి నా చేతిలో పెట్టినాడు.

ఓబమ్మ నా ముఖం చూసింది. రెండు చేతులూ వీపు వెనక్కు పెట్టుకుంది. "వద్దులే సార్" అంది చిన్నగా.

నేను బోర్డు దగ్గరికి పోయినాను. 0.5 అని రాసినాను. దాని పక్కన గుణకారం గుర్తు పెట్టినాను. తరువాత చెయ్యి లేవలేదు. పద్నాలుగేండ్ల సర్వీసు ఒక చాక్‌పీసు మీద నిలబడింది.

"రెండున్నర సార్!"

అరిచింది ఎవరో కాదు, గుమ్మంలో నిలబడిన కుళ్ళాయప్ప సారు. పిల్లలందరూ నోళ్లు తెరిచి ఆయన దిక్కు తిరిగినారు. ఆ నోటి నుంచి ఒక జవాబు రావడం వాళ్లు పుట్టినాక ఇదే మొదలు.

"ఏమిటయ్యా?"

"రెండున్నర సార్. ఐదైదుల ఇరవై ఐదు, నడుమ చుక్క. మిషన్‌దే తప్పు. ఎండకు బుర్ర కరిగింటాది."

ఇన్‌స్పెక్టరు ముఖం వంకాయ రంగుకు తిరిగింది. నేనొక దాన్ని ఉండానని ఆయన మరిచిపోయినాడు. నా చేతిలోని చాక్‌పీసు లాక్కోని బోర్డు మీద ఇంత రొట్టె గీసినాడు.

"ఇది రొట్టె. పాయింట్ ఐదు అంటే ఎంత?"

"ఐదు రొట్టెలు సార్."

"కాదయ్యా! పదింట ఐదు భాగాలు! సగం!"

"ఓ, సగమా సార్? మరి సగాన్ని సగంతో గుణించడమంటే?"

"సగంలో సగం తీసుకోవడం!"

"తీసుకునేది గుణకారం ఎట్లయితాది సార్? గుణకారమంటే ఇన్నిసార్లు అని కదా?"

"రెండుసార్లు తీసుకుంటే రెండు రొట్టెలు. ఒక్కసారైతే ఒక రొట్టె. సగంసారే తీసుకుంటే?"

"తగ్గుతాది సార్!" అన్నాడు మా సారు, ఇప్పుడే నిద్ర లేచినట్టు. "రొట్టె అయితే సరే. సంగటి ముద్ద అయితేనో?"

"సంగటైనా అంతేనయ్యా!"

అరగంట నడిచింది ఆ యుద్ధం. ఇన్‌స్పెక్టరు రొట్టెను నాలుగు ముక్కలు చేసి, నూరు గళ్లు గీసి, అందులో ఇరవై ఐదు గళ్లకు రంగు వేసి చూపించినాడు. మా సారు మధ్య మధ్యలో అడిగే ప్రతి తిక్క ప్రశ్నా నా కడుపులో ఉండే ప్రశ్నే. నేను గోడ దగ్గర నిలబడి ఒక్కొక్క ముక్కా మింగుతా ఉన్నాను. చివర్లో నూరు గళ్లలో ఆ ఇరవై ఐదు తెల్లగా వెలిగినప్పుడు, నా తలలో ఏదో పాత తలుపు కిర్రుమని తెరుచుకుంది. పైకి మాత్రం, 'అయ్యో పాపం, ఈయన నాకన్నా అధ్వాన్నంగా ఉండాడే' అనుకున్నాను. కొంచెం గర్వపడినాను గూడా. అబద్ధమెందుకు.

ఇన్‌స్పెక్టరు చేతులు దులుపుకున్నాడు. పాఠం చెప్పి ఎన్నేండ్లయిందో, ముఖం కళకళలాడతాంది. ఎర్రిస్వామి బావినీళ్లు చెంబుతో తెచ్చిచ్చి, "సార్, ఆ అర్జీ..." అని నసిగితే, "మీ అర్జీ అక్షరాలా నిజమయ్యా" అన్నాడు. రికార్డులో రాసినాడు: 'కుళ్ళాయప్పగారికి గణితంలో ప్రాథమిక జ్ఞానం లేదు. శిక్షణకు పంపవలెను. సహోపాధ్యాయిని బాగు.' మనిషిని మాత్రం బదిలీ చేయలేదు. ఇంత తక్కువ తెలిసినాయన్ని ఇంకే ఊరి నెత్తిన వేస్తాం అన్నాడంట.

మరుసటి సోమవారం మా సారు అనంతపురానికి, పది దినాల లెక్కల శిక్షణకు పోయినాడు. మంగళవారం నేను పలకరించేదానికి భద్రమ్మక్క దగ్గరికి పోయినాను. ఆమె పొయ్యి ముందర కూచోని కండ్ల నీళ్లు తుడుచుకుంటాంది. ఏడుస్తాందనుకున్నాను. నవ్వుతాంది.

"లెక్కలు నేర్చుకునేకి పోయినాడమ్మా! బి.యస్సీ. లెక్కల్లో ఆయప్ప కాలేజీకే ఫస్టు. హైస్కూలుకు రమ్మని రెండుసార్లు పిలిచినారు. 'హైస్కూల్లో పిల్లోళ్లకు అప్పటికే భయం పట్టేసింటాది, చిన్నపిల్లోళ్లయితేనే బాగ అడుగుతారు' అని పోలేదు."

ఆమె ఇచ్చిన మజ్జిగ చెంబు కింద పెట్టేసి లేచినాను.

ఇంటికి పోయేకాడ ఆ రెండు మైళ్లు ఎట్ల నడిచినానో గుర్తులేదు. తెల్లవారి బడికి ఒక జొన్న రొట్టె గుడ్డలో చుట్టుకోని తెచ్చినాను. ఓబమ్మను పిలిచినాను. చేతులు వెనక్కి పెట్టుకోని వచ్చింది. రొట్టెను సగం చేసినాను, ఆ సగాన్ని సగం చేసినాను, ఆ ముక్క దాని చేతిలో పెట్టినాను. చాలాసేపు చూసి, "ఓ" అంది. ముక్కను నోట్లో వేసుకోని, నములుతా నములుతానే ఇంకొకటి అడిగింది. "అట్లయితే సగంతో భాగిస్తే పెరుగుతాదా టీచరమ్మా?"

"తెల్దే" అన్నాను. పద్నాలుగేండ్లలో మొదటిసారి. ఏమీ కాలేదు. బడి కప్పు కూలలేదు. ఓబమ్మ నా పక్కన చాపమీద కూచుంది. మిగిలిన రొట్టెతో ఇద్దరమూ సాయంత్రం దాకా చూసినాము.

పది దినాలకు సారు వచ్చినాడు. పిల్లలు మీదపడి సంచి లాక్కున్నాక, నేను పక్కకు పిలిచినాను.

"బి.యస్సీ. లెక్కలు చదివి రెండున్నర అంటారా సారూ?"

"భద్రమ్మ చెప్పేసిందా" అని నవ్వినాడు, దొంగ దొరికినట్టు.

"నాకు రాదని మీకు ఎప్పుడు తెలిసింది?"

ఆయన లేవలేదు, చూస్తాం పా అనలేదు. నా దిక్కు చూసి నింపాదిగా చెప్పినాడు. "ఆ పిల్లను కొట్టిన దినం. తెలిసినోళ్లు అంత గట్టిగా కొట్టరు తల్లీ."

ఆయనే మాట మార్చినాడు. "అనంతపురంలో ముప్పై మంది అయివార్లు లక్ష్మమ్మా. సగం మంది లెక్కలంటే వణికేవాళ్లే. తప్పు వస్తాదేమోనని ఎవురూ నోరు తెరవరు. మొదట ఎవురో ఒకరు పెద్ద తప్పు చెప్పేస్తే మిగతావాళ్లకు ధైర్యం వస్తాది కదా? పది దినాలూ నేనే చెప్పినా. సరైన జవాబు ఒకటే ఉంటాది, అది ఎవురైనా చెప్తారు. బాగుండే తప్పు వెతకడమే కష్టం. తల నొప్పి పుట్టింది."

"మరి పరీక్ష?"

ఆయన జేబులోంచి మడతలు పెట్టిన సర్టిఫికెట్ తీసినాడు. ముప్పై మందిలో ముప్పైవ స్థానం. కింద శిక్షణ ఇచ్చినాయన రాసినాడు: 'మనిషి మంచివారు. గణితం మాత్రం కష్టం.' ఇరవై తొమ్మిది మంది ఆయనకన్నా ముందు పాసైనారు. వాళ్లలో ఒకాయన పదిహేనేండ్ల సర్వీసులో మొదటిసారి పాసైనానని, సారును కావలించుకోని, 'నువ్వు లేకపోతే ఆఖరి స్థానం నాదే అయ్యేది' అని ఏడ్చినాడంట.

ఆ సర్టిఫికెట్‌ను భద్రమ్మక్క గార్లదిన్నెలో ఫ్రేం కట్టించి, పెండ్లి ఫోటో పక్కన తగిలించింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు అదే చూపించి, "మాయప్పకు వచ్చిన పెద్ద చదువు" అని చెప్పేది. మా సారు సరిగ్గా దాని కిందనే చాప వేసుకోని, మజ్జిగ తాగుతా, వచ్చినవాళ్లతో పాటు తానూ తలెత్తి చదువుకునేవాడు.